రెండు వారాలు ఎక్కువ

పొద్దున లేవగానే మిషనుకు నాలుగు చుక్కలు నూనె వెయ్యడం, బాబిను నింపుకోవడం, టేపు మెడలో వేసుకోవడం, ఆ తర్వాత గది కొలవడం. పన్నెండు రోజులుగా చిన్న టైలరు వరస ఇదే. మొదటి మూడు పనులూ అత్త దగ్గర నేర్చుకుంది. నాలుగోది ఎవరూ నేర్పలేదు.

ఆ ఇంట్లో ఇద్దరు టైలర్లు. అత్త పెద్ద టైలరు, కోడలు చిన్న టైలరు. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. ముందు గదే కొట్టు, అదే పడక. రెండు మిషన్లు, ఒక మంచం, బట్టలు తగిలించే మేకులు. వెనక వంట చేసుకునే చిన్న గది, దానికి ఊచల కిటికీ. వీధిలోకి వెళ్లాలన్నా, వీధిలోంచి రావాలన్నా ముందు తలుపొక్కటే దారి.

ఆ గదే ఇప్పుడు దగ్గరకొస్తోంది.

మొదటి రోజు వేలెడు వచ్చింది. మంచం కోడు గోడకి తగిలి టక్కుమంది. "ఏంటే ఆ చప్పుడు?" అంది అత్త. "గోడ కాస్త ముందుకొచ్చినట్టుందత్తయ్యా" అంది కోడలు. "మిషను ఇటు లాగు మరి, చక్రం గీసుకుంటుంది" అంది అత్త, పళ్ల మధ్య సూది తియ్యకుండానే. ఇంటి ఓనరు వచ్చి చూసి, "పాత ఇల్లు కదమ్మా, అప్పుడప్పుడు దగ్గరకొస్తుంది, మళ్లీ అదే సర్దుకుంటుంది. మేకులు మాత్రం కొత్తవి కొట్టకండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

చిన్న టైలరు మొగుడు సిటీ బస్సు డ్రైవరు. నవ్వకుండా జోకులేసే మనిషి. గోడకి ఆనుతోందని మంచాన్ని కాళ్ల వైపు బెత్తెడు కోసేశాడు. నాలుగు రోజులకి ఇంకో బెత్తెడు కోశాడు. ఇప్పుడు పడుకుంటే అతని పాదాలు బయటికి వేలాడుతున్నాయి.

"ఇరుకు సందుల్లో అంత బస్సు తిప్పేవాణ్ణి, ఈ గదిలో తిరగలేనా?" అంటూ పక్కకి తిరిగి తలుపులోంచి బయటపడేవాడు. "ఆ తలుపు కూడా ఎవడో ఎప్పుడో ఒక పక్కంతా చెక్కి పారేశాడు. చలికాలం ఆ సందులోంచి గాలి రయ్యిమని కొట్టేది. ఇప్పుడు చూడు, ఆ సందే లేదు. మంచిదే."

తలుపు చెక్కకి ఒక అంచు నిజంగానే పలచగా, వంకరగా ఉంటుంది. చిత్రిక పట్టిన గుర్తులు ఎన్ని రంగులు వేసినా కనిపిస్తాయి. ఎవరు చెక్కించారో డ్రైవరుకి తెలీదు. తను పుట్టకముందు నుంచీ అలాగే ఉందని మాత్రం తెలుసు.

గది ఎప్పట్నించి దగ్గరకొస్తోందో చిన్న టైలరుకి బాగా గుర్తుంది. ఈ నెల మూడో తేదీ. ఆ తేదీ ఏమిటో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

అయిదో నెలలో మొదటిసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు అత్త బయట బెంచీ మీద కూర్చుంది. లోపల నర్సు తల ఎత్తకుండా, "ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగింది. చిన్న టైలరుకి అది నిన్నటిలా జ్ఞాపకం. ఎదురింటి టీచరు నీలం గౌనుకి గుండీలు కుట్టిన రోజు. కానీ 'ఎప్పుడు' అన్న మాట చెవిన పడితే చాలు, టైలరు నోరు దానంతటదే రోజులు కలిపేసుకుంటుంది. సోమవారానికి అయిపోయేదాన్ని వచ్చే బుధవారం అంటుంది. పెళ్లయిన కొత్తలో అత్త నేర్పిన మొదటి పాఠమే అది. "గుడ్డలో రెండు వేళ్లు వదులు, తేదీలో రెండు వారాలు వదులు. గిరాకీలు మన పీకల మీద కూర్చోరు."

అలా నర్సుకి కూడా రెండు వారాలు తర్వాతి తేదీ చెప్పేసింది.

చెప్పేశాక నాలిక్కరుచుకుంది. సరిదిద్దుదామనుకుంది. కానీ అప్పటికే నర్సు వేళ్ల మీద లెక్కేసి, కార్డు మీద కాన్పు తేదీ 'పదిహేడు' అని రాసేసి, గుండ్రంగా సున్నా చుట్టేసింది. స్కాను చేసిన డాక్టరు, "బిడ్డ కాస్త ముందున్నట్టుంది. ఇంత ఆలస్యంగా చూస్తే ఓ రెండు వారాలు అటూ ఇటూ తేడా వస్తుందిలే. నువ్వు చెప్పిన తేదీయే ఉంచుదాం" అంది. ఇక ఏం చెబుతుంది? చిన్న టైలరు నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా సిగ్గుపడే మనిషి. పైగా ఇంటికొచ్చాక అనిపించింది, పోనీలే, ఇదీ మంచిదే. నెలలు నిండాక 'ఇంకా కాలేదా, ఇంకా కాలేదా' అని వీధి వీధంతా గుమ్మంలో నిలబడుతుంది. ఆ రెండు వారాలు నా మానాన నన్నుంచుతారు.

మూడో తేదీ వచ్చింది, వెళ్లింది. నొప్పులు రాలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. సరిగ్గా ఆమె కోరుకున్నట్టే.

గోడ మాత్రం వేలెడు ముందుకొచ్చింది.

కిందటి నెల ఆస్పత్రి వరసలో నిలబడినప్పుడు, ముందున్నావిడకి నర్సు చెప్పిన మాటలు ఆమెకి రోజూ గుర్తొస్తున్నాయి. "తేదీ దాటి వారమైతే ఇక ఇంట్లో కూర్చోకు. మాయ ముసలిదైపోతుంది, నీళ్లు తగ్గిపోతాయి, లోపల బిడ్డకి జాగా ఉండదు. మేం చూస్తూ ఉండాలి, అవసరమైతే మేమే నొప్పులు తెప్పించాలి. కదలికలు తగ్గాయా, పరిగెత్తుకుంటూ రా."

బిడ్డకి జాగా ఉండదు. గోడ ముందుకొచ్చినప్పుడల్లా అదే మాట.

రోజూ చెబుదామనుకుంది. అత్తతో చెబుదామంటే, కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ "పదిహేడు నుంచి కొత్త బట్టలు తీసుకోం, మనవడో మనవరాలో వస్తోంది" అని అత్త ఇప్పటికే చాటింపు వేసింది. మొగుడితో చెబుదామంటే, అతను పదిహేడు నుంచి సెలవు రాయించుకున్నాడు. దానికోసం తోటి డ్రైవరుకి తన వారాంతపు సెలవులు రెండు ఇచ్చేశాడు. నర్సుతో చెబితే 'ఇన్నాళ్లూ అబద్ధమాడావా' అని అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తుంది. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పాల్సిన మాట ఇంకా పెద్దదైపోయింది, గది ఇంకా చిన్నదైపోయింది. ఒక మిషను మడిచి వంటగదిలో పెట్టారు. బట్టలు తగిలించిన మేకులు నడుస్తుంటే భుజాలకి గీసుకుంటున్నాయి. ఊపిరి పీల్చుకుంటే పొట్ట మిషను బల్లకి తగులుతోంది.

పదిహేనో తేదీ పొద్దున డ్రైవరు డ్యూటీకి వెళ్లిపోయాక ఆమె గది కొలిచింది. పదడుగుల గది ఆరున్నర. తర్వాత తలుపు కొలిచింది. ముప్ఫై అంగుళాలుండే గుమ్మం పదహారు. మొదట్లో రోజుకి అరంగుళం తగ్గేది, తర్వాత అంగుళం, ఈ నాలుగు రోజులుగా రెండేసి.

అంటే రేపు పద్నాలుగు.

గోడకి వీపు ఆనించి నిలబడింది. పొట్ట ముందు చెక్క స్కేలు నిలువుగా ఆనించి, అక్కడ్నించి గోడకి టేపు పట్టింది. పదిహేనున్నర. మళ్లీ కొలిచింది. ఊపిరి బిగబట్టి కొలిచింది. పదిహేనున్నరే. ఎదుటివాళ్ల కొలతలైతే ఒకటికి రెండు కలుపుతుంది. తన కొలతలో ఏం కలుపుతుంది, ఏం తీస్తుంది?

మంచం మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. కదలికలు లెక్కపెట్టుకుంది. మామూలుగా అత్త టీ తాగి గ్లాసు కడిగేలోపు పది తన్నులు తన్నే బిడ్డ. ఇవాళ అత్త టీ తాగింది, గ్లాసు కడిగింది, ఒక చొక్కాకి కాలరు వేసింది, రెండో చేతికి అంచు మడిచింది. రెండే రెండు తన్నులు. అవి కూడా తన్నుల్లా లేవు. నిద్రలో ఎవరో దుప్పటి లాక్కున్నట్టున్నాయి.

"అత్తయ్యా" అంది.

మిషను చప్పుడులో అత్తకి వినపడలేదు.

"అత్తయ్యా."

"ఏంటే? గట్టిగా ఏడవరాదూ. గొంతులో దూది పెట్టుకున్నట్టు మాట్లాడతావు."

"నేను తేదీ ఎక్కువ చెప్పానత్తయ్యా."

"ఎవరికి? టీచరుకా? మంచి పనేగా. దానికెందుకా మొహం?"

"టీచరుకి కాదు. నర్సుకి."

పెద్ద టైలరు పాదం మిషను మీద ఆగిపోయింది. సూది సగం గుడ్డలో, సగం గాల్లో. "ఎంత ఎక్కువ?"

"రెండు వారాలు. నా తేదీ మూడు. గది దగ్గరకి రావడం మొదలెట్టిన రోజు."

అత్త అరుస్తుందనుకుంది. 'నీ బుద్ధి గడ్డి తిన్నదా' అంటుందనుకుంది. అత్త లేచి, మంచానికీ మిషనుకీ మధ్య పక్కవాటుగా జరుగుతూ తలుపు దగ్గరకి వెళ్లింది. ఆ వంకర అంచు మీద బొటనవేలు పెట్టి, పై నుంచి కిందకి మెల్లగా రాసింది. గుడ్డ పోగు ఎటు పోతోందో చూసినట్టు.

"ఇది నేనే చెక్కించాను" అంది.

కోడలు లేచి కూర్చుంది.

"నీ మొగుడికంటే ముందు నాకు ఒకమ్మాయి. వాడికి తెలీదు. ఆ ఏడాది కూడా గది ఇలాగే దగ్గరకొచ్చింది. తలుపు పట్టేస్తోందని వడ్రంగిని పిలిచి చెక్కించాను. 'ఆడపిల్ల బద్ధకంగా ఉంటుంది, అదే వస్తుందిలే' అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. నెలలు నిండాక మొత్తం మూడువారాలు. చెక్కించుకుంటూ కూర్చున్నానే అమ్మాయ్, చెక్కించుకుంటూ." ఆమె వేలు తలుపు మధ్యలో ఆగింది. "ఎంత బాగుందనుకున్నావు పిల్ల. ఇంత జుట్టు. గోళ్లు కూడా పెరిగిపోయాయి. ఏడవలేదంతే."

మిషను మీద సగం కుట్టిన చొక్కా చెయ్యి జారి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

"తన్నుతోందా?" అంది అత్త.

"తక్కువగా."

"పద. ఆ స్వెట్టరు తీసెయ్, అరంగుళం కలిసొస్తుంది. కార్డు ఏదీ? టైమెంతయింది?"

"పదకొండున్నర."

"వాడి బస్సు పదకొండు నలభైకి మలుపు దగ్గరకొస్తుంది. పద పద."

పెద్ద టైలరు ముందు బయటపడింది. ఎండిపోయిన మనిషి, జారిపోయింది. చిన్న టైలరు పక్కకి తిరిగి, వీపు ఒక ద్వారబంధానికి ఆనించి జరగడం మొదలుపెట్టింది. పొట్ట మొదట్లో బాగానే వచ్చింది. మధ్యకి వచ్చేసరికి ఆగిపోయింది. ముందు పూర్తిగా తెరుచుకోని తలుపు అంచు, వెనక ద్వారబంధం. తనకీ గాలి లేదు, లోపలి దానికీ గాలి లేదనిపించింది. ఇటు రాలేదు, అటు పోలేదు. చెక్క మెత్తగా, ఏ కోపమూ లేకుండా, ఇంకాస్త దగ్గరకి జరగడం ఆమె వెన్నుకి తెలిసింది.

"ఊపిరి వదిలెయ్" అంది అత్త. "పూర్తిగా వదిలెయ్. బిగపట్టకు. నా చెయ్యి పట్టుకో. ఆ వంకర అంచు వైపు పొట్ట తిప్పు, అక్కడ పలచగా ఉంది. ఊఁ, అటే. నా పిచ్చి పని ఇన్నాళ్లకి పనికొచ్చేట్టుంది."

ఊపిరంతా వదిలేసింది. పలచటి అంచు పొట్ట మీదుగా గీసుకుంటూ జారింది. ఒక్కసారిగా వీధిలో ఉంది. మెడలో టేపు మాత్రం తలుపు సందులో ఇరుక్కుపోయింది. అత్త లాగింది. రాలేదు. "పోనీ, ఇంటినే కొలుచుకోమను" అని వదిలేసింది.

మలుపు దగ్గర బస్సుకి అడ్డంగా నిలబడింది పెద్ద టైలరు, రెండు చేతులూ చాపి.

డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. "అమ్మా! చస్తావే! ఏంటి, మళ్లీ టిఫిను డబ్బా మర్చిపోయానా?"

"నీ పెళ్లాన్ని మర్చిపోయావు. ఎక్కించుకో. ఆస్పత్రి."

"పదిహేడు కదా?"

"మూడురా."

అతను భార్య మొహం చూశాడు. ఇంకో జోకు నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. ముందు సీటులో కూర్చున్న ముసలాయన లేచి చోటిచ్చాడు. ఆ తర్వాత బస్సు ఏ స్టాపులోనూ ఆగలేదు. కూరగాయల మార్కెట్టు దగ్గర దిగాల్సినవాళ్లు, బడి దగ్గర దిగాల్సినవాళ్లు, అందరూ ఆస్పత్రి దాకా వచ్చారు. ఒక్కరూ బెల్లు కొట్టలేదు. ఒక్కామె మాత్రం, "నాకు ఇటువైపు కూడా పనుందిలే" అంది, లేకపోయినా.

ఆస్పత్రిలో అదే నర్సు. కార్డు చూసింది. "ఇంకా రెండు రోజులుందిగా. నొప్పులున్నాయా? లేవా? అయితే ఇంటికెళ్లి కాస్త నడువు. కంగారు పడొద్దు, మొదటి కాన్పుకి అందరూ ఇలాగే పరిగెత్తుకొస్తారు."

వెనక వరసలో పదిమంది. చిన్న టైలరు పెదాలు కదిలాయి.

"ఏంటమ్మా? వినపడట్లేదు."

అత్త ముందుకి రాబోయింది. మళ్లీ ఆగింది. ఇది కోడలు చెప్పాల్సిన మాట.

"తేదీ తప్పు" అంది చిన్న టైలరు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేనే తప్పు చెప్పాను. పదిహేడు కాదు, మూడు. పన్నెండు రోజులు దాటిపోయింది. పొద్దున్నుంచి సరిగ్గా కదలట్లేదు."

నర్సు కడిగెయ్యలేదు. అసలు ఒక్క మాట కూడా తిట్టలేదు. పెన్ను తీసి పదిహేడుని అడ్డంగా కొట్టేసి, లేచి నిలబడి, "చక్రాల కుర్చీ!" అని కేకేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చిన్న టైలరుకి.

పొట్టకి పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడు విన్నారు. గుర్రం పరిగెత్తినట్టు రావాల్సింది, మధ్యమధ్యలో నడకలోకి పడిపోతోంది. స్కాను పెట్టిన డాక్టరు, "నీళ్లు దాదాపు లేవు. పాపం, లోపల తిరగడానికి దీనికి జాగా ఎక్కడ?" అంది. మామూలుగా అయితే నొప్పులకి మందు పెట్టి చూసేవాళ్లమనీ, ఇప్పుడు బిడ్డ ఆ నొప్పులకి తట్టుకోదనీ, ఆపరేషను చేసి తీసేద్దామనీ చెప్పింది. చిన్న టైలరు తలూపింది. కత్తెర, కుట్టు. ఆ రెండు మాటలూ ఆమెకి భయం లేని మాటలే.

మధ్యాహ్నం రెండు కాకముందే ఆడపిల్ల పుట్టింది. ఉన్న కాస్త నీళ్లూ పచ్చగా మారిపోయి ఉన్నాయి. ఒళ్లంతా పొడిబారి, చర్మం పొరలుగా లేస్తోంది. ఇంత జుట్టు, పొడుగాటి గోళ్లు. ఏడవలేదు.

నోరూ ముక్కూ తుడిచి, వీపు రుద్దారు. అద్దం తలుపు అవతల పెద్ద టైలరు నిలబడి ఉంది. ఆ జుట్టు చూసింది. ఆ గోళ్లు చూసింది. కొడుకు భుజం పట్టుకుంది. అంత గట్టిగా తల్లి తన భుజం ఎందుకు పట్టుకుందో డ్రైవరుకి ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా తెలీదు. ఇంకా గట్టిగా రుద్దారు. మొహానికి చిన్న మాస్కు పెట్టి ఊపిరి అందించారు. గోడ గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత జరిగింది.

అప్పుడు ఏడ్చింది. ఏడుపంటే ఏడుపా అది! వరండా అవతలున్న వాచ్‌మన్ కూడా తిరిగి చూశాడు.

"అమ్మో, గొంతు!" అంది నర్సు. "అమ్మ మాట్లాడనివన్నీ ఇదే మాట్లాడేట్టుంది. రావడం రావడమే గోళ్లు కత్తిరించాలి మహారాణికి."

పెద్ద టైలరు నర్సు చెయ్యి పట్టుకుంది. "తేదీ పొడిగించి చెప్పడం దానికి నేర్పింది నేనేనమ్మా" అంది. నర్సుకి అర్థం కాలేదు. అయినా ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండనిచ్చింది.

బిడ్డని నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని చూసి పంపించారు. ఇంటికొచ్చేసరికి గది ఎప్పటిలా పదడుగులకి పోయింది. గుమ్మం ముప్ఫై అంగుళాలు. టేపు సందులోంచి జారి గడప మీద పడి ఉంది. ఇంటి ఓనరు వచ్చి, "చెప్పానా, అదే సర్దుకుంటుందని" అన్నాడు. కోసేసిన మంచం మాత్రం మళ్లీ పెరగలేదు కదా. మంచానికీ గోడకీ మధ్య మిగిలిన జాగాలో ఉయ్యాల సరిగ్గా పట్టింది. డ్రైవరు పాదాలు ఉయ్యాల మీదకి వేలాడాయి. "ఊపడానికి వీలుగా ముందే కోసిపెట్టాను" అన్నాడు అతను, నవ్వకుండా.

నెలన్నర గడిచింది. చిన్న టైలరు మళ్లీ మిషనెక్కింది. ఎదురింటి టీచరు గౌనుకి ఆకుపచ్చ గుడ్డ తెచ్చింది. కొలతలిచ్చింది, ఉయ్యాలలోకి వంగి బిడ్డ బుగ్గ గిల్లింది, గుమ్మం దిగబోతూ అడిగింది. "ఎప్పుడిస్తావమ్మా?"

"వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం" అంది చిన్న టైలరు. దారం కొరుకుతూ, ఆలోచించకుండా.

"సరే" అని టీచరు బడికి వెళ్లిపోయింది.

ఉయ్యాల కర్ర గోడకి తగిలి టక్కుమంది.

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద టైలరు లేచింది. కోడలి మెడలోంచి టేపు తీసుకుని, ఒక కొస గోడ మూల పెట్టి, మంచం మీదుగా, ఉయ్యాల మీదుగా అవతలి గోడ దాకా నడిచింది. కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఎంతుందత్తయ్యా?"

"వేలెడు తక్కువ." అత్త టేపు వదల్లేదు. "ఆ గౌను ఎప్పటికవుతుంది నీకు, నిజంగా?"

"సోమవారానికి."

"అయితే పిలువు ఆమెని. ఇంకా మలుపు తిరగలేదు. లే!"

చిన్న టైలరు గుమ్మంలోకి పరిగెత్తింది. టీచరు అప్పుడే వీధి చివర మలుపు దగ్గర ఉంది. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, కడుపులోంచి ఊపిరంతా వదిలేసి, పుట్టినప్పట్నించీ ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"సోమవారం, టీచరుగారూ! సోమవారమే!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. ఉయ్యాలలో బిడ్డ ఉలిక్కిపడి లేచి, అంతకంటే గట్టిగా అందుకుంది.